కూర్చునే ఐదు నిమిషాలు

గోదాములో బస్తాలు మోసి వచ్చిన నాన్న మోకాళ్లకు కూతురు నూనె రాస్తోంది.

"సిగరెట్ మానేస్తామంటే మా ఆఫీసులో డాక్టర్ని పెట్టి, మందులు కూడా ఇస్తున్నారు నాన్నా. మా మేనేజరు నెలలో మానేశాడు. మరి నీకేమైంది?"

"మా దగ్గర సిగరెట్ తాగేవాణ్నే ఐదు నిమిషాలు కూర్చోనిస్తారమ్మా. ఊరికే కూర్చుంటే మేస్త్రీ ఊరుకోడు."

ఆమె చేయి ఆగింది. ఇన్నాళ్లూ అది నాన్న మొండితనమే అనుకుంది.

"అయితే మానలేవన్నమాట."

"మానేసి నాలుగు రోజులైంది తల్లీ."

"మరి కూర్చోవడం?"

"వెలిగించకుండా నోట్లో పెట్టుకుని కూర్చుంటున్నా."

"మేస్త్రీ అడగలేదా?"

"అడిగాడు. అగ్గిపెట్టె కనబడట్లేదని చెప్పా."

"నాలుగు రోజుల్నుంచీనా?"

"అదే కదా. చదువుకున్నదానివి, రేపటికి ఇంకో సాకు ఆలోచించిపెట్టు."