జీపులో వాటా

ఏటిరా వంశీ, ఆ ఫోనులో ఏటలగ తిప్పితిప్పి సూత్తన్నావ్, పెళ్లికూతురు ఫొటోయేటి? ఇటియ్యి. ఓహో, టైరు. పళ్లు బాగున్నాయిరా, నాకున్నవాటికంటే నయం. ఏటీ, డబ్బులు ఒకదానికే వొత్తాయా? నువ్వెల్లే లంబసింగి దారికి టైర్లేయించాలా, లేపోతే కిందన కమానుపట్టీలు మార్సి బండిని మూడంగుళాలు పైకి లేపించాలా అని నన్నడుగుతన్నావా? నన్ను! బావూ, నాను పోర్టు స్టోర్సులో బోల్టులు లెక్కెట్టి రిటైరైపోనోణ్ణి. జన్మలో ఒక్కసారి స్టీరింగు పట్టుకున్నాను, అదీ ఇంజను ఆగిపోయినాక. ఆ కతే సెప్తాను కూకో. జోగమ్మొచ్చిందాకా ఎలాగూ కదల్లేం. సింహాచలం అప్పన్న ఎక్కడికీ పోడు గానీ, ఆవిడ కొప్పు సుట్టుకోడం అవ్వాల కదా.

ఈ జీపుకి నువ్వు రంగేయించినావు, సీట్లు కుట్టించినావు, పాటల డబ్బా ఎట్టించినావు. మీ తాత ఎల్లాజీ ఇప్పుడొస్తే గుర్తుపట్టలేడు. నువ్వు పుట్టకముందే పోనాడు గనక నిన్నూ గుర్తుపట్టలేడనుకో, అది వేరే సంగతి. ఆ రోజుల్లో మన భీమిలి ఒడ్డున జీపున్నోడు ఆడొక్కడే. వేలంలో కొన్నాడు. వేలం కబురు మోసుకొచ్చింది నానే, ఆ గొప్ప నాకుండనియ్యి. తెల్లారితే సేపల గంపలు, గంపలతో ఆడోళ్లు, అందర్నీ బజారుకి దింపడం. గాలీ వానా వొస్తే ఒడ్డునున్న పడవల్ని మీదకి లాగడం. అదే ఆడి బతుకు. జీపాగితే మీ ఇంట్లో పొయ్యాగిపోద్ది. టైర్లా? గుండు టైర్లురా. నా తల సూడు, అలగుండీవి. ఇసకలోకి దిగీముందు పుల్లెట్టి కుస్సుమని సగం గాలి తీసేసీవోడు. టైరు రొట్టిలాగ సపాటైపోయి ఇసక మీద తేలుకుంటా పోయీది. మళ్లీ రోడ్డెక్కినాక సేతిపంపుతో గాలి కొట్టుకునీవోడు. నాను పక్కన నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అనీవోణ్ణి. అదీ సాయమే కదేటి.

అలాటోడు ఒకసారి బేరింగు కోసమని గాజువాక ఆటోనగర్ ఎల్లి, అక్కడ పళ్ల టైర్లు సూసినాడు. ఎక్కడో అడివిలో తిరిగిన బండివంట, ఒక్కో పన్నూ నా బొటనేలంత. అంతే, మనసు పారేసుకున్నాడు. మీ నాయనమ్మని సూడ్డానికి ఎల్లినప్పుడు కూడా ఆడి కళ్లు అంతలా మెరవలేదు, పక్కన నానున్నాను కదా. తెచ్చి బిగించినాడు. బిగిస్తే ఏటైందీ, పెద్ద టైర్లు కదా, స్టీరింగు తిప్పితే మడ్‌గార్డుకి రాసుకుని కర్రుమని ఏడుపు. మరేటి సేత్తాడు, టైర్ల కోసం బండి లేపాల. పాత వ్యానువి పట్టీలు తెచ్చి కమానుకట్టలో దూర్సినాడు. బండి లేసింది. లేస్తే బ్రేకు గొట్టం పొట్టైపోనాది. అదీ మార్సినాడు. దీని వరసే ఇంత బావూ, ఒకటి కొంటే అది ఇంకోటి కొనమంతాది. ఊరంతా సుట్టూ సేరినాం. జోగమ్మ అప్పుడు గట్టి మనిషి, గంప నెత్తినెట్టుకుని వొస్తంటే లారీలోడు కూడా పక్కకి తప్పుకునీవోడు. నడుం మీద సెయ్యేసుకుని, "ఓలమ్మోలమ్మ, ఎల్లాజీ జీపు మడమల జోళ్లు తొడిగినాదే! మరి నానెలగెక్కాల, నిచ్చెనేత్తావా?" అంది. ఆడు నవ్వేసి, "ఎక్కలేనోళ్లు బస్సెక్కండే" అన్నాడు. సూసినావా, టైర్లకి పళ్లొచ్చీసరికి మాటక్కూడా పళ్లొచ్చేసినాయి.

ఆ సాయంత్రమే ఎవరిదో పడవని గట్టు మీదకి లాగాలన్నారు. సంద్రం పోటు మీదుంది. నాను డ్యూటీ దిగొచ్చి ఒడ్డున నిలబడున్నాను. "గాలి తియ్యవేట్రా?" అన్నాను. బండి గురించి నాకు తెల్సింది అదొక్కటే. ఆడు నా గుండుకేసి సూసి, "అది ముసిలి టైర్లకి బావా" అని జీపుతోనే ఇసకలోకి దిగిపోనాడు. పళ్లేటి సేత్తాయిరా? తవ్వుతాయి. బురదైతే తవ్వి, కిందనున్న గట్టి నేల దొరకబుచ్చుకుంతాయి. ఇసకకి అడుగెక్కడిది? ఈడు యాక్సిలేటరు తొక్కడం, అది కుక్క గొయ్యి తీసుకున్నట్టు తీసుకోడం. ఇరుసుదాకా దిగిపోనాది. ఇంజనాగిపోనాది. కెరటమొచ్చి తలుపుకి తగిలింది. అప్పుడు సూడాల ఆడి మొహం. కిందకి దూకి రెండు సేతుల్తో ఇసక తోడేత్తన్నాడు. తోడిన గోతిని నీరొచ్చి మళ్లీ నింపేత్తన్నాది. "పోనాది బావా, పోనాది" అనడం తప్ప ఆడి నోట ఇంకో మాట లేదు.

జోగమ్మే కేకేసింది, "పెద్దవల మోకు తెండర్రా!" అని. నువ్వు మధురవాడ అపార్టుమెంట్లో పెరిగినోడివి, నీకు తెలీదు. పెద్దవలంటే పడవ మీద పట్టుకెళ్లి సంద్రంలో సుట్టూ దింపేత్తారు, రెండు కొసల తాళ్లూ ఒడ్డునుంచి ఊరంతా కలిసి లాగుతారు. దానికో కట్టుబాటుంది. తాడు మీద సెయ్యేసినోళ్లందరికీ పడ్డదాంట్లో వాటా. ఆడా మగా లేదు, సొంతోడా దారినపోయీవోడా లేదు. ఆ మోకు తెచ్చి జీపు ముందు కొక్కేనికి కట్టేసినారు. ఎల్లాజీ ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగి ఒక్కో టైరుకీ గాలి తీసినాడు. బుడగలు పైకొస్తంటే ఆడి గర్వమే అలగ పోతన్నట్టు అనిపించింది. నన్ను లోపల కూకోబెట్టి స్టీరింగు సూటిగా పట్టుకోమన్నారు. నమ్మకం మీద కాదురా, తాడుకాడ అడ్డొత్తానని. హైలెస్సా అని ఊరు ఊరంతా గుంజితే జీపు సొరసేపలాగ ఒడ్డునొచ్చి పడింది. లోపల నాను, మోకాళ్లదాకా నీళ్లు, కళ్లు మూసుకుని అప్పన్నకి దణ్ణాలు.

అందరూ ఆయాసపడి ఇసకలో కూలబడ్డారు. జోగమ్మ బానెట్టు మీద తడిసెయ్యేసి, "మరి మా వాటా?" అంది. అందరూ నవ్వేసినారు. ఎల్లాజీ నవ్వలేదు. జీపుకేసి అలగ సూసి సూసి, "ఇది కోసి పంచలేను కదే. తాడట్టుకున్నోళ్లందరికీ ఇందులో సీటుంది. నానున్నా, లేపోయినా" అన్నాడు. నాను ఊరుకుంతానా, "మరి నాదో?" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా సూసి, "నువ్వు వలలో పడ్డ సేపవి గురునాథం బావా. సేపకి వాటా ఉంతాదేటి?" అంది. ఇంకేటుంది, అప్పట్నుంచి నాను బజారుకెల్తే సేపబావ. ఎల్లాజీ ఎక్కించుకునీవోడే, కాదనను. దార్లో ఏ వాటాదారైనా సెయ్యెత్తితే మాత్రం నన్ను దింపేసీవోడు. భీమిలి రోడ్డు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదురా, నడిసి నేర్సుకున్నాను.

మర్నాడే ఆ పట్టీలు ఊడదీసేసినాడు. వాటాదార్లు గంపల్తో ఎక్కాల కదా మరి. పళ్ల టైర్లేమో పాడేరు వైపు కూరగాయలు తోలే జీపోడికిచ్చి, ఆడి అరిగిపోయిన టైర్లు తెచ్చుకున్నాడు. ఆడు ఈణ్ణి ముంచేసినానని నవ్వుకున్నాడు, ఈడు ఆణ్ణి ముంచేసినానని నవ్వుకున్నాడు. ఇద్దరిదీ నిజవే. ఆడిది బురద, ఈడిది ఇసక.

ఎల్లాజీ పోనప్పటికి ఈ జీపు పాడైపోయి పాకలో ఉండీది. కాటికి దీంట్లోనే తీసికెల్దామన్నారు. ఇంజను పలకలేదు. ఎంత తిప్పినా పలకలేదు. జోగమ్మ ఇంటికెల్లి మోకు తెచ్చింది. ఒకరికొకరు సెప్పుకున్నదీ లేదు, అడిగిందీ లేదు. ముందు కొక్కేనికి కట్టేసినారు, ఆణ్ణి ఎనక పడుకోబెట్టినారు, వాటాదార్లే లాక్కుంటా ఎల్లినారు. హైలెస్సా లేదు. ఇసకలో అడుగుల సప్పుడే. నాను పక్కన ఒట్టి సేతుల్తో నడుస్తన్నాను, సేపని కదా. సగం దూరం పోనాక జోగమ్మ ఎనక్కి తిరిగి సూసింది. తాడు మీద సెయ్యి కొంచెం ముందుకి జరిపింది. ఇంకో సెయ్యి పట్టేంత.

...

ఆఁ, ఏటంతన్నాను? టైర్లు. నువ్వెల్లేది లంబసింగి బురదలోకి గనక పళ్లవే ఏయించుకో. మడ్‌గార్డుకి రాయని సైజు సూసుకో. లేపడం సంగతా... అదిగో, కర్ర పొడుసుకుంటా వొస్తన్నాది సూడు. ఫోను జేబులో ఎట్టి, ఎల్లి తలుపు తియ్యి. ఆవిడ కాలు ఎంతెత్తు లేత్తాదో సూడు, మేస్త్రీకి ఆ కొలతే సెప్పు. కాదు కాదు, ముందు సీటు ఆవిడది. నాను ఎనక్కూకుంతాను.