మిడీ అన్నా జుయిడ్ అన్నా ఒకటే స్టేషను

"అమ్మమ్మా, బ్రస్సెల్స్‌లో నేను ట్రైన్ చేంజ్ అవ్వాలి. మూడు పెద్ద స్టేషన్స్ చూపిస్తోంది. నువ్వు వెళ్ళావు కదా, ఏది ఏంటో చెప్పవా? రికార్డ్ చేసుకుంటాను."

బ్రస్సెల్సా! అయ్యో, ముందే చెప్పొద్దుటే శ్రేయా? ఆ సూట్‌కేసు అవతల పెట్టి ఇలా కూచో. ఫోను దగ్గరగా పెట్టు. ఎర్ర చుక్క వెలిగిందా? ఆఁ.

మూడు స్టేషన్లమ్మా, ఒకే లైను మీద వరసగా. దక్షిణం వైపొకటి, మధ్యలో సెంట్రలు, ఉత్తరం వైపొకటి. స్టేషన్లు మూడే గానీ పేర్లు ఆరు! ఎందుకంటే ఆ ఊళ్ళో ఫ్రెంచీ ఉంది, డచ్చీ ఉంది. ప్రతి బోర్డూ రెండు భాషల్లో రాస్తారు. మన సామర్లకోట బోర్డు చూశావు గదా, తెలుగూ హిందీ ఇంగ్లీషూను. ఎందులో చదువుకున్నా సామర్లకోట సామర్లకోటే. అక్కడలా కాదే, పేరే మారిపోద్ది! దక్షిణం స్టేషన్ని ఫ్రెంచిలో మిడీ అంటారు, డచ్చిలో జుయిడ్ అంటారు. రెండూ ఒకటే. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. అదే మా కొంప ముంచింది.

నవ్వకు. ఇక్కడ అమెరికాలో మాత్రం తక్కువా? న్యూఅర్క్ పెన్ స్టేషన్ అంటాడు, న్యూయార్క్ పెన్ స్టేషన్ అంటాడు, ఆ గార్డు నోట్లో రెండూ ఒకలాగే వినిపిస్తాయి. మీ తాతయ్య మొదటిసారి వచ్చినప్పుడు న్యూఅర్క్‌లో దిగిపోయి ఆ పెద్ద మేడలేవీ అని వెతుక్కున్నారు. సర్లే, ఆ గొడవ వేరు.

నేనూ మా సుభద్రక్కా వెళ్ళాం. నువ్వప్పుడు మూడో గ్రేడో నాలుగో గ్రేడో. అక్కకి డెబ్భై… కాదు కాదు, అరవై తొమ్మిది. నాకు అరవై రెండు. అక్క కూతురు మాధవి ఉండేది అక్కడ. దాని దగ్గర ఓ నెలుండి ఆ తర్వాత నేనిక్కడికి, మీ అమ్మ దగ్గరికి రావాలి. ఓ రోజు మాధవి ఆఫీసుకెళ్తూ, "పిన్నీ, మీరిద్దరూ బ్రూజ్ చూసి రండి, గంట ప్రయాణమే" అంది. కాలవలూ, పడవలూ, చాలా బాగుంటుందిలే ఆ ఊరు. చీటీ మీద రాసిచ్చింది, "వచ్చేప్పుడు మిడీలో దిగండి, నేనక్కడికొస్తాను" అని. నేనేమో పోజు కొట్టాను. "నాకు చెప్తావేవిటే, ముప్ఫై ఏళ్ళు రైల్వేలో చేశాను!" అని.

చేశాను మరి! నీకు తెలుసు గదా, రాజమండ్రి స్టేషన్లో మైకులో చెప్పేదాన్ని. ప్లాట్‌ఫారం మీద కాఫీ ముప్ఫై పైసలున్న రోజుల్నించీ. ఎంతమందిని ఎన్ని బళ్ళెక్కించానో!

బ్రూజ్ చూశాం, అంతా అయింది, సాయంత్రం నాలుగింటి బండెక్కాం. అక్కకి షుగరు. పొద్దున్న పదకొండింటికి తిన్నదే. దాని బిళ్ళలూ, బిస్కెట్లూ, పాస్‌పోర్టూ, ఫోనూ అన్నీ నా చేతిసంచీలోనే. దాని చేతిలో మా ఆఖరి చెల్లెలి మనవడికి కొన్న చెక్క గుర్రం ఒక్కటే.

బళ్ళో డచ్చిలోనే చెప్తున్నాడు. అటువైపంతా డచ్చే అంట, తర్వాత తెలిసింది. ఊరు దగ్గరికొచ్చింది, బండి ఆగింది. తెర మీద బ్రస్సెల్ జుయిడ్ అని పడింది. అక్క లేవబోయింది. "కూచోవే, మనది మిడీ, ఇది జుయిడూ" అన్నాను నేను. నేనే అన్నాను! జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. నాకెందుకో మనసాగక తలుపు దాకా వెళ్ళి తొంగి చూశాను. ఎదురుగా ఇంతేసి అక్షరాలు, మిడీ! "అక్కా, ఇదే, దిగు దిగు" అని అరుస్తూ నేను దిగేశాను. అది మోకాళ్ళ నొప్పులతో లేచి, గుర్రం తీసుకుని వచ్చేలోపు ఈల వేశారు, తలుపులు మూసుకుపోయాయి. అద్దంలోంచి దాని మొహం కనిపించిందే తల్లీ. ఏడవట్లేదు, అరవట్లేదు. నన్నలా చూస్తోంది. బండి కదిలిపోయింది.

తెలుగు తప్ప ముక్క రాదు దానికి. బిళ్ళలు నా దగ్గర. ఆ బండి ఎక్కడిదాకా పోతుందో!

మాధవికి ఫోన్ చేస్తే ఎత్తదు. మీటింగులో ఉంది. ఇంక పరిగెత్తాను. చీర కుచ్చిళ్ళు ఓ చేత్తో పట్టుకుని ఆ మెట్లు దిగి, ఎక్కడా అని వెతికి, సమాచారం చెప్పే ఆఫీసు పట్టుకున్నాను. నా ఈడుదే, కాస్త చిన్నదేమో, కళ్ళజోడావిడ ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. పాపం ఆవిడ వెంటనే ఫోనందుకుంది. "ఇక్కణ్ణించి నాలుగే నిమిషాలు సెంట్రల్. బండి ఈపాటికి చేరుతూ ఉంటుంది. అక్కడ అనౌన్స్ చేయిస్తాను. ఫ్రెంచిలో, డచ్చిలో, ఇంగ్లీషులో" అంది.

నేనన్నాను, "అమ్మా, మీరు మూడు కాదు, ముప్ఫై భాషల్లో చెప్పినా మా అక్కకి అర్థం కాదు. నన్ను చెప్పనివ్వండి."

కుదరదంది. బైటవాళ్ళు మైకులో మాట్లాడకూడదంట.

అప్పుడు చెప్పాను శ్రేయా. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "నేను బైటదాన్ని కాదు. ఇండియాలో రైల్వే అనౌన్సర్ని. ముప్ఫై ఏళ్ళు ఈ పనే చేశాను. ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్క నిమిషం ఇవ్వండి" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నా వంక చూసింది. ఏవనుకుందో ఏవో, అవతల సెంట్రల్ వాళ్ళతో గబగబా ఫ్రెంచిలో ఏదో మాట్లాడింది. వాళ్ళేదో అన్నారు, ఈవిడ గట్టిగా ఇంకేదో అంది. రిసీవరు నా చేతికిచ్చింది. అక్కడ వాళ్ళ ఫోను మైకు దగ్గర పెడతారంట, నేనిక్కడ మాట్లాడితే అక్కడ స్టేషనంతా వినిపిస్తుందంట!

రిసీవరు నోటి దగ్గర పెట్టుకోగానే గొంతు దానంతటదే వచ్చేసింది. "దయచేసి వినండి" అన్నాను! అలవాటు మరి, ఏం చెయ్యను! "దయచేసి వినండి. సామర్లకోట సుభద్రక్కా, నేను వరలక్ష్మిని. బండి దిగి ఉంటే ఎక్కడున్నదానివక్కడే నిలబడు. దిగకపోతే ఇప్పుడే దిగు. కంగారు పడకు, నేనొస్తున్నాను." రెండోసారి కూడా చెప్పాను. రూలు ప్రకారం రెండుసార్లు చెప్పాలి గదా.

ఇంక అక్కడేం జరిగిందో వాళ్ళూ అక్కా తర్వాత చెప్పారు. అక్క సెంట్రల్లో దిగేసింది. ఒకావిడ దిగుతుంటే ఆవిడ వెనకాలే తనూ దిగిందంట. సెంట్రలంటే భూమి లోపలుంటుందే, ఆకాశం కనిపించదు. ఆ జనంలో, ఆ చప్పుళ్ళలో, నెత్తి మీంచి తెలుగు! అది ఊరుకుంటుందా? గుర్రాన్ని పైకెత్తి, ఆ స్పీకరు కేసి చూస్తూ, "ఎక్కడున్నావే వరాలూ! ఎందుకు దిగావే నన్నొదిలేసి! ముందు నువ్విటు రా!" అని అరుస్తోందంట. ప్లాట్‌ఫారమంతా ఆగిపోయి చూస్తున్నారు. ఇంక స్టేషన్ వాళ్ళు వెతికే పనేముంది? స్పీకరుతో పోట్లాడే ముసలావిడ ఒక్కతేగా! వాళ్ళ ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి కుర్చీ వేసి, కాస్త పళ్ళరసం ఇచ్చారు. చల్లగా ఉండాలి వాళ్ళు.

అక్క దొరికిందని ఫోన్ రాగానే కళ్ళజోడావిడ నన్ను తనే తీసుకెళ్ళి బండెక్కించింది. నేను థాంక్స్ చెప్పబోతే నా చెయ్యి పట్టుకుని, ఇరవై ఆరేళ్ళుగా తనూ ఆ పనే చేస్తున్నానంది. చేతులు వదలబుద్ధి కాలేదు ఇద్దరికీ.

నాలుగే నిమిషాల ప్రయాణం. నా జన్మలో అంత పొడుగు ప్రయాణం చెయ్యలేదు. దిగాను, గదిలోకి వెళ్ళాను. తిడుతుందనుకున్నాను, సిద్ధంగా ఉన్నాను. అక్క నన్ను చూసి తిట్టలేదే. నా చెంప మీద చెయ్యి వేసి, "ఏమే, నువ్వు అన్నేళ్ళు మైకులో చెప్పావు, నేనొక్కనాడూ వినలేదే. పెళ్ళయ్యాక నేను అంత దూరం ఆ రాయగడలో పడున్నాను. ఇన్నాళ్ళకి విన్నాను. బాగుందే నీ గొంతు" అంది.

బిళ్ళ చేతిలో పెట్టాను, నీళ్ళిచ్చాను. ఇద్దరం అక్కడే కూచుని బిస్కెట్లు తిన్నాం.

మరేం భయం లేదు నీకు. బోర్డు మీద రెండు పేర్లూ చదువుకో. మిడీ, జుయిడ్ ఒకటే. నీతో వచ్చే నీ ఫ్రెండ్స్‌ని దించాకే నువ్వు దిగు. అంతే. నిక్షేపంగా వెళ్ళి, చూసి, నవ్వుతూ తిరిగి రా తల్లీ, నూరేళ్ళు చల్లగా ఉండు. సెంట్రల్లో దిగితే మాత్రం, పైన ఆ స్పీకర్లుంటాయి చూడు, ఓసారి అలా తలెత్తి… ఏం లేదులే. ఊరికే చూడు.