మంగళవారం సంత

ఏడేళ్లుగా మూతపడిన మంగళవారం సంతను సర్పంచి మళ్లీ తెరిపించిన రోజది. తీరా ఎవరూ రాకపోతే ముఖమెలా చూపించాలోనని ఆమె పంచాయతీ గదిలో తలుపేసుకుని కూర్చుంది. ‘ఈగ కూడా వాలదు’ అని వారం నుంచీ దెప్పుతున్న మొగుడు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మావా, ఎవులైనా వచ్చారేటి?"

"ఇసకేస్తే రాలనంత జనం వచ్చారే!"

"నిజిమే? ఏటి కొంతన్నారు?"

"ఎవులూ కొనడం నేదు. అందరూ గంపలెట్టుకుని కూకున్నారు."

"అదేటి మావా?"

"ఆటోకి మైకు కట్టించి, ‘తెచ్చి అమ్ముకోండి’ అని ఊరూరా సెప్పించావు. కొనుక్కోండని సెప్పించావా?"



"ఓలమ్మో! ఇంక ఆళ్లంతా రాజాం సంతకే పోతారు."

"ఉండే! ఎండుసేపల బుల్లమ్మ గంపెత్తుకుని వంకాయలాయన దగ్గిరికెల్తన్నాది."

"దేనికి?"

"సంతకి తెచ్చిన సరుకు ఇంటికి తిరిగెల్లకూడదంటారు కదా! సేపలిచ్చి వంకాయలు ఒళ్లో పోసుకున్నాది. వంకాయలాయన అందులో రెండు సేపలిచ్చి కుండ పట్టుకున్నాడు. కుండలాయన బెల్లం కాడికి పరిగెడతన్నాడు. ఒసే, సంత మొత్తం లేసి తిరుగుతన్నాదే!"

ఆమెకు నవ్వు ఆగలేదు. దూకినట్టు లేచి తలుపు తీసింది.

"పద మావా, మనింటికీ సేపలు తెచ్చుకుందాం."

"మార్సుకోడానికి మన కాడేటున్నాదే?"

"నువ్వున్నావు కదా!"