అన్నయ్య కింద పెట్టిన కాఫీ

అధ్యక్షస్థానంలో కూర్చున్న షేక్ దైఫల్లా గారికి, అంటే మా పెదనాన్న కొడుక్కి, నా అన్నయ్యకి. ఆయన పక్కనున్న మేయరు గారికి. కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డ మా సఫ్‌సాఫ్ రేడియో పిల్లలకి. తెర అవతల కూర్చున్న ఆడవాళ్లకి, వాళ్లలో ‘ఈయన ఎప్పుడు ముగిస్తాడా’ అని ఈపాటికే విసుక్కుంటున్న మా ఆవిడకి, అందరికీ సలాం.

నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలు నన్ను సింహం అన్నారు, ఊరికి దీపం అన్నారు. అదంతా వాళ్ల అభిమానం. నాకు మాత్రం ఇంటికి వెళ్లి పడుకోవాలని ఉంది. ఇరవై ఏళ్లకి పైగా పొద్దున ఎనిమిదింటి వార్తలు చదివాక మనిషికి మిగిలేది మోకాళ్ల నొప్పులు, కాస్త చెడ్డపేరు. ఇది బాధతో అనడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను.

అమ్మాన్‌లో మంత్రిగారి మీద వార్త చదివినవాడికి మంత్రిగారు ఎదురుపడరు. ఇక్కడ నేను వార్త చదివి బయటికొస్తే రొట్టెల కొట్టు దగ్గర నా ముందు ఆ వార్తలోని పెద్దమనిషే ఉంటాడు, నా వెనక ఆయన బావమరిది ఉంటాడు. పెళ్లికి వెళ్లి మన్సఫ్ పళ్లెం ముందు కూర్చుంటే, మంచి మాంసం ముక్క నా వైపు తోసి, “తిను ముఫ్లిహ్, మొహమాటపడకు, ఆ రోడ్డు సంగతి మాత్రం ఇంక వదిలెయ్” అనేవాళ్లు. ఇక ఆ ముక్క గొంతు దిగేదా? ఎన్ని పెళ్లిళ్ల నుంచి ఆకలితో ఇంటికొచ్చి ఉల్లిపాయా రొట్టే తిన్నానో మా ఆవిడకి తెలుసు. (నవ్వులు) నవ్వండి, పర్వాలేదు. మొదట్లో ఆవిడా నవ్వేది.

మా ఆఫీసులో కాఫీ ఇవ్వరని నన్ను పిసినారి అన్నవాళ్లు ఈ సభలో సగంమంది ఉన్నారు. నిజమే, ఎవరొచ్చినా టీయే ఇచ్చాం. ఎందుకంటే మన పద్ధతి మీకు తెలుసు. పెద్దమనుషులు పదిమందిని వెంటేసుకుని వస్తారు, ముందు పెట్టిన కాఫీ ముట్టకుండా కింద పెడతారు. ఇక ఇంటాయన “తాగండి, మీరొచ్చిన పని అయిపోయింది” అనాలి. అనకపోతే ఆ పెద్దల్ని అవమానించినట్టు, మళ్లీ ఆ కుటుంబాలు ఒకరి గడప ఒకరు తొక్కవు. హత్యల్ని సైతం ఆపిన మంచి పద్ధతి అది, నేను కాదనను. కానీ వార్తల్ని ఆపడానికి కూడా దాన్నే వాడటం మొదలెట్టారు. టీతో ఆ పని కుదరదు. టీ కింద పెడితే చల్లారుతుంది, అంతే.

ఇవాళ మధ్యాహ్నంతో నా ఉద్యోగం అయిపోయింది కదా, ఇక భయమేముందని నా చేతులతో నేనే కాఫీ కాచి, నేనే పోశాను. ఏలకులు కూడా ఎక్కువ వేశాను. అందరూ తాగారు. అన్నయ్య తాగలేదు. కప్పు కింద పెట్టి నా మొహంలోకి చూశారు. నేను చూడనట్టే ఇంతసేపూ మాట్లాడాను. ఇక నటించే ఓపిక లేదు.

అన్నయ్య ఏదో అంటున్నారు. “సభలో ఎందుకురా ఇవన్నీ” అంటున్నారు. కప్పు సభలోనే పెట్టారు కదా అన్నయ్యా.

అడగబోయేదేమిటో నాకు తెలుసు, మీలో చాలామందికి తెలుసు. మా తమ్ముడి కొడుకు బర్జస్ మూసేసిన పాత బావి నుంచి ట్యాంకర్లు నింపి ఆడపిల్లల బడికి నీళ్లు పోశాడు. పిల్లలు వాంతులతో ఆసుపత్రిలో చేరారు. రేపటి నుంచి నా కుర్చీలో వార్తలు చదవబోయే రుబా, ట్యాంకరు డ్రైవరుతో మాట్లాడింది, నీళ్లు పరీక్ష చేయించింది, బర్జస్‌ని కూడా అడిగింది. వాడేమన్నాడో తెలుసా? “అక్కా, ముందు భోజనానికి రా” అన్నాడు. ఆ వార్త రేపు పొద్దున చదువుతారు. చదవొద్దని ఆ కప్పు అడుగుతోంది.

బర్జస్ నా భుజాల మీద పెరిగినవాడు. వాడి పేరు రేడియోలో వినాలని నాకు మాత్రం ఉందా? ‘అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లో’ అని రేపు నన్ను మీరంతా అంటారు. అనండి.

అదుగో, తలుపు దగ్గర రొట్టెల కొట్టు వదీ గారున్నారు. ఆయన రొట్టె తూకం తక్కువని ఒకసారి వార్త చదివాం. చదవబోయే ముందు రోజు ఆయన ఒక్కడే వచ్చి కూర్చున్నాడు. “నాకు ఈ ఊళ్లో వెంటేసుకు రావడానికి పెద్దలు లేరు ముఫ్లిహ్. తప్పు నాదే, చదువు. ఒక్కటి చెప్పు, మీవాడైనా ఇలాగే చదువుతావా?” అన్నాడు. చదువుతానన్నాను. ఆయన ఆ మాట నమ్మి టీ తాగి వెళ్లాడు. ఇప్పటికీ పొద్దున మన రేడియో పెట్టుకునే రొట్టెలు కాలుస్తాడు.

నాకు తప్పించుకునే దారి ఉంది. ‘అన్నయ్యా, నేను రిటైరయ్యాను, రుబాని అడగండి’ అనొచ్చు. మా మేయరు గారు ఇందాకటి నుంచి కళ్లతో అదే చెబుతున్నారు. (నవ్వులు) కానీ ఇవాళే కుర్చీ ఎక్కిన పిల్ల వెనక దాక్కుని ఇంటికి పోతే నాకు నిద్ర పట్టదు. కప్పు నా ముందు పెట్టారు, జవాబు నేనే చెప్పాలి. అన్నయ్యా, మీరడిగింది నేను ఇవ్వలేను. ఆ వార్త చదవాల్సిందే. మీ కాఫీ మీరు తాగకుండానే లేవండి, తప్పు నాదిగానే ఉండనివ్వండి.

దీని ఖరీదు నాకు తెలుసు. పండక్కి మా ఇంటికి ఎవరూ రారు. మన వంశమంతా చేరే దివాన్‌లో నేనొస్తే పక్కకి జరిగి చోటిచ్చేవాళ్లుండరు. నిలబడతాను, అలవాటే.

ఇంతకాలం మా మాట విన్నవాళ్లకి, విని తిట్టినవాళ్లకి, తప్పు చదివితే ఫోన్ చేసి దిద్దినవాళ్లకి నా కృతజ్ఞతలు. మా ఆవిడకి చెప్పాల్సింది ఇంట్లో చెబుతాను.

ఒక్కటే అడుగుతాను. మా అమ్మ మంచాన పడి ఉంది. అన్నయ్యా, ఆవిడ మీకు చిన్నప్పుడు గోరుముద్దలు పెట్టింది. నా చావుకి రాకపోయినా పర్వాలేదు, ఆవిడ పాడె మోయడానికి మాత్రం మీరు రావాలి. నేనొచ్చి పిలిస్తే మీరు తలుపు తియ్యకపోవచ్చు. ఊళ్లో అందరి చావు కబురూ చదివినట్టే ఆ కబురూ రుబా పొద్దున్నే చదువుతుంది. ఆ పిల్ల చదివిందంటే నిజమేనని నమ్మి, రండి.

సెలవు.