అందరికీ ఒక్కడే వకీలు

జెద్దాలోని ఇరుకు గదిలో నిద్రపోతున్న బాబును ఒడిలో పెట్టుకుని ఆమె కూర్చుని ఉంది. భర్త అప్పుడే ఫోన్ పెట్టేశాడు.

“మా అన్న ఏమంటుండు?”

“పార్టీ పేరు మీద పైసలడిగి ఊర్లె బట్టల షాపాయన్ను కొట్టింది నేనేనని కోర్టుల చెప్తరట. సౌదీల ఉన్నోణ్ని ఇప్పట్ల పట్టుకపోరు, తనతోని పాటు ఊర్లె ఉన్న ముద్దాయిలంత బయటపడ్తరు అంటుండు.”

“బావ మీద ఎంత ప్రేమనో! మరి వకీలు ఒప్పుకున్నడా?”

“ముద్దాయిలందరికీ ఒక్కడే వకీలు. పెట్టింది మీ అన్ననే. ఈ ఉపాయం చెప్పింది ఆ వకీలే.”

“రేపు పాస్‌పోర్టు రద్దయితే ఈడ ఉండనీకి ఇకామా ఎట్లొస్తది? పిల్లగాన్ని పట్టుకొని ఎటు పోవాలె? నీకు వేరే వకీలును పెట్టుకునే హక్కు లేదా?”

“ఉంది. కానీ పోయి కోర్టుల నిలబడాలె. షాపాయన్ను కొట్టిన దినం నేను అక్కడ లేనని సాక్ష్యం కావాలె.”

“నువ్వు పట్నం దవాఖానల నా పక్కనే ఉన్నవ్. వీడు పుట్టింది ఆ దినమే. అన్నకు తెల్వదా?”

“తెలుసు. మేనల్లుడు పుట్టిండని ఫోన్ల చెప్తే సంతోషంతోని ఏడ్చిండు.”

ఆమె బాబును ఒడిలోంచి తీసి మంచం మీద పడుకోబెట్టింది.

“టికెట్లు తియ్యి. సాక్ష్యం నేను చెప్త.”

“మీ అన్న ముఖం చూసుకుంట చెప్పగలవా?”

“చూడకుంట చెప్త.”