ఈరమ్మ పొట్టేళ్లు బండెక్కవు

అమ్మలారా, అయ్యలారా, నా చెల్లెలి కోసం వచ్చిన మీకందరికీ దండాలు.

నేను గోవిందమ్మను. చనిపోయిన ఈరమ్మకు పెద్దక్కను. మేము నలుగురు తోబుట్టువులం. అందరికన్నా పెద్దదాన్ని నేను. అందరికన్నా చిన్నది ఈరమ్మ. చిన్నది ముందు పోయింది. ఈ వరస తప్పిన సంగతి గురించి నాకు దేవుడితో మాట్లాడేది ఉంది. అది పొద్దున దీపం ముందు మాట్లాడుకుంటాను. ఇక్కడ మీతో మాట్లాడాలి.

ఈ సభను ఈరమ్మ ఉండిన మహిళా సంఘం పెట్టింది. శ్రావణ మాసం. చేలో కలుపు ఉంది. అయినా దేవనకొండ నుంచి వచ్చారు, కృష్ణగిరి నుంచి వచ్చారు, గూడూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. ఎకరం చేను కూడా లేని మనిషి కోసం వచ్చారు. ఆమె దగ్గర ఏముండేది? ఒక దొడ్డి, పదహారు పొట్టేలు పిల్లలు, ఒక కూతురు. అంతే కదా?

పదకొండు రోజుల కింద పొద్దున ఈరమ్మ పొట్టేళ్లకు అవిశాకు కోసింది. మోపు నెత్తిన పెట్టుకుని వస్తూ ఇంటి ముందర ఆగింది. మోపు దించింది. గోడకు ఆనుకుని కూర్చుంది. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. మోపు కట్టు విడలేదు. ఒక్క రెమ్మ కింద రాలలేదు. నలభై ఆరేళ్లు.

ఆ రోజు నుంచి ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. పొట్టేళ్లే ఈరమ్మను మింగాయని. నాలుగోరోజు రెండు పొట్టేళ్లు కడుపుబ్బి చచ్చాయి. అప్పుడు ఆ మాటకు కాళ్లొచ్చాయి. చచ్చినామె తన జీవాలను తన దగ్గరికి పిలుచుకుంటోందట. మిగిలిన పద్నాలుగూ ఇంట్లో ఉంటే అరిష్టమట. మా తమ్ముడు భీమన్న ఒక వ్యాపారితో మాట్లాడి వచ్చాడు. రేపు పొద్దున బండి వస్తుంది.

అందరూ వినేలా చెబుతున్నాను. ఆ బండి ఖాళీగా పోతుంది.

ఎందుకో చెబుతాను. దానికన్నా ముందు ఈరమ్మ ఎవరో చెప్పాలి.

భర్త పోయిన ఏడు, ఊళ్లో సగం మందితో పాటు ఈరమ్మ కూడా సుగ్గికి, కూలి వలసకు, పోయింది. గుంటూరు వైపు మిరప చేలకు. ఏడేళ్ల వనజను వెంట తీసుకుపోయింది. బిడ్డ బడి పోయింది. కళ్లు మండి బిడ్డ ఏడుస్తుంటే, మిరపకాయలు కోసిన చేతితో కళ్లు తుడవడానికి లేక, మోచేతితో తుడిచిందట. తిరిగొచ్చి నా ముందు కూర్చుని ఒకే మాట చెప్పింది. “నా బిడ్డ మళ్లా సుగ్గి బండి ఎక్కదక్కా. నేను సచ్చినా ఎక్కదు.” ఆ వారమే రెండు పొట్టేలు పిల్లలను తెచ్చి గుంజకు కట్టింది.

మేపి అమ్మి, మళ్లీ కొని, ఆ రెండే పదహారయ్యాయి. ఆ వనజ ఇప్పుడు ఆదోనిలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. అదిగో, అక్కడ కూర్చుంది.

కరువేడు గుర్తుందా? జొన్న మోకాలెత్తులో ఎండిపోయింది. చేను ఆసామి మేపుకోండని వదిలేశాడు. ఊళ్లో మందలన్నీ చేలోకి దిగాయి. ఈరమ్మ మాత్రం గట్టు మీద రెండు చేతులూ చాపి తన జీవాలను ఆపుకుని నిలబడింది. అందరూ నవ్వారు. “ఏమ్మే ఈరమ్మా, నీ జీవాలు పెండ్లికూడు తప్ప ముట్టవా?” అని ఒకాయన అడిగాడు. “ఎండిన జొన్నలో నాము ఉంటాదన్నా, ఇసం. తోలొద్దు” అంది. “నువ్వేమన్నా డాక్టరువా?” “డాక్టరును కాదు. సస్తే నావే సస్తాయి. అందుకే సెప్తాండా.”

ఆ అడిగినాయన నరసన్న. ఇక్కడే ఉన్నాడు. తల దించుకోవద్దు నరసన్నా, ఇది నిన్ను అనడానికి కాదు. ఆ మధ్యాహ్నం నీ జీవాలు తొమ్మిది ఆ చేలోనే కాళ్లు కొట్టుకుని పోయాయి. పశువుల డాక్టరు వచ్చి సూది వేసేదాకా మిగిలినవాటికి బెల్లం నీళ్లు తాపింది ఎవరు? వాటి తలలు ఒళ్లో పెట్టుకున్నది ఎవరు? నేను చెప్పలేదా అని ఒక్కసారైనా అనిందా? నువ్వే చెప్పు.

ఇంకోటి. ఎమ్మిగనూరు సంతకు పోయే ముందు, ఉప్పు కలిపిన దాణా పెట్టి కడుపునిండా నీళ్లు తాపే అలవాటు కొందరికి ఉంది. పొట్టేలు కుండలా కనిపిస్తుంది. సాయంత్రానికి కుండ దిగిపోతుంది. ఈరమ్మ ఆ పని చేయలేదు. ఆమె పొట్టేళ్లను చూసి సంతలో ఒక వ్యాపారి ఎగతాళి చేశాడు. “ఏమక్కా, ఉపాసం సేయించి తోలుకొచ్చినావా?” “ఉపాసం శనివారం నాది. వాటిది కాదు. పొట్ట సూడొద్దప్పా, నడుము మీద సెయ్యి పెట్టి సూడు.” ఆయన చేయి పెట్టలేదు. ఇంట్లో మగవాళ్లుంటే పంపించమన్నాడు. ఈరమ్మ పలుపులు విప్పింది. నాలుగు పొట్టేళ్లనూ నడిపించుకుంటూ ఎండలో తిరిగొచ్చింది.

మరుసటి వారం ఆదోని నుంచి మాంసం కొట్టాయన మా గడపకే వచ్చాడు. నడుము మీద చేయి పెట్టాడు. అడిగిన ధర లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ ఏటి నుంచి ప్రతి దసరాకూ ఆయనే వస్తున్నాడు. ఈరోజు కూడా వచ్చాడు. వెనక నిలబడ్డాడు.

నేను పూజలూ ఉపవాసాలూ ఎక్కువ చేసేదాన్ని. ఒకసారి అడిగాను. కోతకు పోయే జీవానికి ఇంత సేవ ఎందుకే అని. ఆకు తుంచుతూనే చెప్పింది. “కోసే దినం ఒగటేనక్కా. బతికే దినాలు శానా ఉండాయి. అవి నా సేతిలో ఉండేవి.” 

ఇప్పుడు ఆ రెండు పొట్టేళ్ల సంగతి.

మూడోనాడు బంధువులంతా తిన్నాక అన్నం మిగిలింది. పెద్ద గంగాళంలో సగం. దొడ్లో పొట్టేళ్లు అరుస్తున్నాయి. ఏడుపుల మధ్య మూడు రోజులుగా వాటికి సరిగా ఆకు వేసినవాళ్లు లేరు. ఈ అన్నం ఏం చేద్దామని ఎవరో అడిగారు. ఒకామె చెప్పింది, “పాపం, తల్లి పోయిన బిడ్డలు. వాటికే పెట్టండి. ఈరమ్మ సంతోషపడుతాది” అని.

ఆ ఒకామె ఎవరు?

నేను.

ఆకలి మీదున్న పొట్టేలు అన్నంలో మూతి పెడితే తియ్యదు. అన్నం కడుపులో పులుస్తుంది. పొట్ట బిగుస్తుంది. అందరికన్నా బలమైనవి ముందు తోసుకొచ్చి ఎక్కువ తిన్నాయి. ఆ రెండే పోయాయి. ఇదే సంఘం భవనంలో జీవాల పెంపకం నేర్పుతూ ఈరమ్మ మీకెన్నిసార్లు చెప్పింది? “గింజయినా బువ్వయినా పిడికెడుతో మొదలుపెట్టల్ల. కడుపులో ఆకు పడినాకనే పెట్టల్ల.” ఎక్కడెక్కడి నుంచో మీరొచ్చి విన్నారు. నేను తోడబుట్టినదాన్ని. నేను వినలేదు.

చచ్చినామె వాటిని పిలుచుకోలేదు. బతికున్నామె వాటికి అన్నం పెట్టింది.

ఈ మాట వారం రోజులు దీపానికే చెప్పాను. దేవుడికి చెబితే చాలనుకున్నాను. చాలదు. చెల్లెలి మీద నింద ఊళ్లో పడింది. ఊళ్లోనే తీసేయాలి. నీలకంఠేశ్వరుడికి నేను నలభై ఏళ్లుగా మొక్కుతున్నాను. ఆకు మోసిన ఆడదాని మీద కోపంతో నోరులేని జీవాలను చంపే దేవుడిని నేనెరుగను. అలాంటి దేవుడుంటే, నా దండం ఆయనకు కాదు.

భీమన్నా, నువ్వు చెడ్డవాడివి కాదు. భయపడ్డావు. కానీ ఒక్కటి ఆలోచించు. శ్రావణంలో మన ఇళ్లలో మాంసం వండేవాళ్లు ఎందరు? ఈ నెలలో పొట్టేళ్లు కొనే వ్యాపారి కోతకు కొంటాడా? దసరా దాకా తన దొడ్లో కట్టుకోవడానికే కొంటాడు. మన దొడ్లో ఉంటే అరిష్టం, ఆయన దొడ్లోకి పోగానే అదృష్టమా? ఆ బండిలో పొట్టేళ్లు ఎక్కితే, చదువుకు డబ్బు లేక, సంక్రాంతి దాటేలోపు ఇంకో బండిలో వనజ ఎక్కుతుంది. మిరప చేలకు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈరమ్మ పన్నెండేళ్లు ఆ బండికి అడ్డం నిలబడింది. ఇప్పుడు నేను నిలబడతాను. ముందు నన్ను తోసి, తర్వాత పలుపు విప్పండి.

నా బట్టల పెట్టె, నా దేవుడి పటం ఈరమ్మ ఇంటికి తెచ్చేశాను. వనజ కాలేజీకి పోయినంతసేపు దొడ్డి నాది. నాకు రాదు. నేర్చుకుంటాను. సంఘంలోని తిమ్మక్క నిన్న మూడుసార్లు నా చేయి పట్టుకుని దాణా కలపడం చూపించింది. రెండుసార్లు తిట్టింది. “ఇంత వయసొచ్చె, పిడికెడంటే ఎంతో తెలియదా నీకు?” అంది. తిట్టు తిమ్మక్కా, నాకది అవసరమే.

దసరాకు పొట్టేళ్లు కండ పడతాయి. అప్పుడు అమ్ముతాం. నడుము పట్టి చూపించి అమ్ముతాం.

ఇక లేచి నిలబడండి. ఈరమ్మ కోసం రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దు.

దొడ్డి ఈ గోడ వెనకే ఉంది. ఇది వాటి మేత వేళ. మన నోళ్లు మూతపడగానే అవి అరుస్తాయి. ఎవరూ గుండె మీద చేయి వేసుకోవద్దు. ఎవరూ వాటిని అదిలించవద్దు. అది ఈరమ్మ పిలుపు కాదు. ఆకలి. అరవనివ్వండి.

రెండు నిమిషాలు కాగానే వనజ ఆకు మోపు ఎత్తుకుంటుంది. ఆమెకు దారి వదలండి.

లేవండి.