ఛాతీ మీద గుర్రం

షికాగోలో రేడియో స్టేషన్ కింద బెర్నడీన్ కాఫీ కొట్టు. పక్కనే మా మంగలి షాపు. ఆ మధ్యాహ్నం మేం వెళ్లేసరికి స్టేషన్లో నాటికలకి గుర్రం డెక్కలూ ఉరుములూ లాంటి చప్పుళ్లు చేసే ఆర్విల్ స్టాంగ్ స్టూలు మీద కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. న్యూయార్కు నించి కొత్తగా దిగిన ప్రొడ్యూసర్ క్రాంట్జ్ గారు కౌంటర్ చివర సూప్ తాగుతున్నారు. తన హాస్య కార్యక్రమానికి చప్పుళ్ల మనిషిని ఆయన ఈ పూటే తేల్చాలి. ఆ పని రాకపోతే ఆర్విల్ బావమరిది కోళ్లఫారంలో చేరాల్సిందే. అందుకే క్రాంట్జ్ గారికి వినపడేలా కథ ఎత్తుకున్నాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, నిరుడు కౌబాయ్ నాటిక నేను లేకపోతే గోవిందా. సరిగ్గా గుర్రం రావాల్సిన వేళకి మన పాటగాడు, ఆ బండమనిషి, నేను డెక్కల చప్పుడు చేసే కొబ్బరి చిప్పల మీద కాలేశాడు. పిండి పిండి. అటు చూస్తే దేశమంతా వింటోంది. ఏం చేశానంటారు? చొక్కా విప్పి ఛాతీ మీద అరచేతులతో వాయించాను. టకటక టకటక, అచ్చం గుర్రమే."

"ఛాతీ మీదా?" అన్నాడు మా షాపు రోస్కో.

"ఛాతీ మీదే. స్టూడియోకి చూడ్డానికొచ్చినవాళ్లలో ముందు వరసలో ఒకావిడ, గుర్రం ఎక్కడ తొక్కేస్తుందోనని గౌను ఎత్తిపట్టుకుని పక్కకి జరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కెంటకీలో గుర్రాలశాల కాపలావాడు రేడియో పెట్టుకున్నాడట, గుర్రాలన్నీ తలుపులు విరగ్గొట్టుకుని షికాగో దారి పట్టాయి, నేను మెల్లగా వాయిస్తే నడక, జోరు పెంచితే పరుగు, దారిలో పోలీసు గుర్రాలు కూడా రౌతుల్ని దింపేసి వాటితో కలిశాయి."

"నాటిక అరగంటే కదా, అంత దూరం ఎప్పుడొచ్చాయి?"

"నా వేగం అలాంటిది మరి. నువ్వు గెడ్డాలు గీసుకో, లెక్కలు నీకెందుకు? అయ్యేసరికి అన్నీ మన గుమ్మంలో బారులు తీరాయి. వాటిని ఇళ్లకి పంపడానికి మొత్తం వెనక నించి ముందుకి వాయించాల్సొచ్చింది."

క్రాంట్జ్ గారు చెంచా కింద పెట్టారు. "గడియారం మనకన్నా వెనకుండే పడమటి రాష్ట్రాల వాళ్ల కోసం అదే నాటిక రాత్రి మళ్లీ ఆడతారుగా. అప్పుడూ ఛాతీయేనా?"

ఆర్విల్ చొక్కా గుండీలు సర్దుకున్నాడు.

"నేను చెప్తానండీ," అంది బెర్నడీన్ కౌంటర్ తుడుస్తూ. "ఇక్కడే రేడియోలో విన్నాను. మొదటి ఆటలో గుర్రం రానేలేదు. కౌబాయే 'ఇవాళ నడిచి పోతాలే' అన్నాడు. రెండో ఆటకి ముందు ఈయన ఏడుపు మొహంతో దిగొచ్చి నా సూప్ గిన్నెలు రెండు పట్టుకుపోయాడు. వాటితోనే నడిపించాడు గుర్రాన్ని."

మేం పడీ పడీ నవ్వాం. ఆర్విల్ చెవులు ఎర్రబడ్డాయి. పాపం అనిపించింది నాకు.

క్రాంట్జ్ గారు సూప్ ముగించి, తన గిన్నెనీ ఇంకో గిన్నెనీ బోర్లించి ఆర్విల్ ముందుకు తోశారు. "వాయించవయ్యా."

గిన్నెలు అందుకుని మొదలెట్టాడు. కాసేపటికి, గుర్రమెక్కి ఎవరొస్తున్నారా అని క్రాంట్జ్ గారు వీధి తలుపు వైపు తిరిగారు. ఎవరూ లేకపోవడం చూసి, తనలో తనే నవ్వుకున్నారు.

"రేపు పొద్దున్న పనిలోకి రా. చొక్కా తొడుక్కుని రా."

"వస్తూ వస్తూ నిరుడు పట్టుకుపోయిన నా గిన్నెలు తే," అంది బెర్నడీన్.